ఏటి వెంట చదును, ఏరు వదిలితే ఎక్కుడు: సైకిలు ప్రయాణికుల ఉత్తరాలకు జవాబులు

నదీ లోయల్లోనూ కొండ దారుల్లోనూ సైకిలు మీద తిరగడం గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాము. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట, వివరం ఎక్కువగా రాసిన వారి ఉత్తరాన్ని తీసుకున్నాము.

ప్రశ్న: నా వయస్సు 52. ఉపాధ్యాయుడిని. గేర్ల సైకిలు కొని ఏడాది దాటింది. ఆదివారాల్లో చదును రోడ్డు మీద అరవై కిలోమీటర్లు అలుపు లేకుండా తొక్కగలుగుతున్నాను. విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లేనంటున్నారు కదా, తెల్లవారుజామున బయలుదేరితే ఒక్క రోజులో చేరవచ్చునా?
– ఒక పాఠకుడు, తగరపువలస

జవాబు: చేరేవారు ఉన్నారు. మీరు మాత్రం ఈసారి ఆ పని పెట్టుకోవద్దని నా సలహా. అరవైకి రెట్టింపు నూట ఇరవై కాబట్టి, అలవాటైన శ్రమకు రెట్టింపు పడితే సరిపోతుందని మీ ఉత్తరంలో ఒక లెక్క కనిపిస్తున్నది. కొండ దారికి ఆ లెక్క వర్తించదు. అక్కడ ఎంత దూరం వెళ్లామన్న దానికన్నా ఎంత ఎత్తు ఎక్కామన్నదే ముఖ్యం.

మీ బరువు 70 కిలోలు, సైకిలు, నీళ్లు, సామాను కలిపి 15 కిలోలు అనుకుందాం. ఈ 85 కిలోలను వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికి దాదాపు రెండు వందల కిలోక్యాలరీల యాంత్రిక శక్తి కావాలి. తిన్న ఆహారంలో మన కండరాలు పనిగా మార్చగలిగేది నాలుగో వంతు మాత్రమే కనుక, శరీరం ఎనిమిది వందల కిలోక్యాలరీలకు పైగా ఖర్చు పెట్టవలసి వస్తుంది. కాళ్ల బలంలో నూరు వాట్లు అచ్చంగా ఎత్తు ఎక్కడానికే వినియోగించారనుకున్నా రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. టైర్ల రాపిడి, ఎండ, విశ్రాంతి, నీళ్ల కోసం ఆగడం కూడా కలిపితే ఘాట్‌కు నాలుగు గంటలు పెట్టుకోవడం న్యాయం. విశాఖ వీధుల రద్దీలో యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చిన కాళ్లతో, ఎండ నెత్తికెక్కే వేళకు ఆ నాలుగు గంటలు మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

మీ ఊరి నుంచే మరింత మంచి దారి ఉన్నది. తగరపువలస వంతెన కింద పారి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్తని, అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టినదే. అంటే అరకు దారిలో సగానికి పైగా మీ ఊరి ఏటిని ఎదురుగా పట్టుకుని పోవడమే. జాతీయ రహదారిని వదిలి పద్మనాభం వైపు తిరిగి, జామి మీదుగా ఊళ్ల రోడ్ల వెంట శృంగవరపుకోట చేరండి. నలభై అయిదు కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. వరి మళ్లు, కొబ్బరి తోటలు, అక్కడక్కడా మెట్టలు తప్ప కాళ్లను కష్టపెట్టేది ఏమీ లేదు. 1794లో విజయరామరాజు యుద్ధంలో నేలకొరిగిన పద్మనాభం ఇదే. బడిలో ఈ పాఠం చెప్పి ఉంటారు కనుక కొండ మెట్ల దగ్గర ఒక పది నిమిషాలు ఆగకుండా ఉండలేరు. మొదటి రోజు మధ్యాహ్నానికి శృంగవరపుకోట చేరి, ఎండ తగ్గాక గోస్తని మీద 1960లలో కట్టిన తాటిపూడి జలాశయం చూసి వచ్చి, రాత్రి కోటలోనే బస చేయండి.

రెండో రోజు తెల్లవారకముందే లేచి, వెలుతురు రాగానే బయలుదేరాలి. కోట నుంచి అరకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. బౌడార, కాశీపట్నం దాటేవరకు నేల మెల్లగా లేస్తూ ఉంటుంది. ఏరు ఇంకా మీ దగ్గరలోనే ఉన్నదనడానికి అదే గుర్తు. వేల ఏళ్లుగా నీరు కోసుకుంటూ పోయిన లోయలో రోడ్డు వేస్తే వాలు సున్నితంగా ఉంటుంది. రోడ్డు ఆ లోయను విడిచి పక్క గట్టెక్కిన చోట ఘాట్ మొదలవుతుంది. ఇక్కడ ఆ మార్పు టైడా దగ్గరపడే కొద్దీ కాళ్లకే తెలుస్తుంది. అక్కడి నుంచి డముకు, అనంతగిరి మీదుగా ఎక్కుడే ఎక్కుడు. అయితే ఇది బస్సులూ లారీలూ ఎక్కడానికి వేసిన దారి కనుక, గుండె ఆగిపోయేంత నిటారుగా ఎక్కడో ఒకచోట తప్ప ఉండదు. ఎక్కుడు తెగకుండా సాగడమే దీనిలోని కష్టం. మొదటి మలుపు నుంచే అతి తేలిక గేరులో, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. మాట తెగి ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైందని అర్థం.

అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోట పక్కనే కూర్చుని ఒక కప్పు తాగడానికి ఇంతకన్నా హక్కుగల మనిషి సైకిలు మీద వచ్చినవాడే. బొర్రా గుహలకు వెళ్లాలని మాత్రం ఆ రోజున అనుకోవద్దు. ప్రధాన రోడ్డు నుంచి పక్కకు తిరిగి లోయలోకి దిగాలి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో ఒక పూట దానికి కేటాయించండి.

చాలామంది మోసపోయేది గాలికొండ దగ్గర. అరకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నదని చదివి, ఎక్కవలసింది అంతేనని నమ్ముకుని వస్తారు. నిజానికి రోడ్డు అంతకంటే పైకి వెళ్లి, గాలికొండ, సుంకరిమెట్ట దాటి అరకు లోయలోకి దిగుతుంది. పక్కనే పోయే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలోనూ ఇదే తీరు. అరకు కంటే ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. తొమ్మిది వందలు అయిపోయిందని కాళ్లలోని బలమంతా ఖర్చు చేయకుండా, ఆఖరి ఎక్కుడుకు కొంత మిగుల్చుకోవాలి.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. చక్రపు అంచును పట్టే బ్రేకులైతే, పొడవాటి దిగుడులో అదే పనిగా నొక్కి ఉంచినప్పుడు అంచు వేడెక్కి ట్యూబు పగిలే ప్రమాదం ఉన్నది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి, మలుపులో వదలాలి, మళ్లీ నొక్కాలి. రోడ్డు వెడల్పు పనులు జరిగిన చోట్ల కంకర ఉండవచ్చు, దాని మీద బ్రేకు వేయకుండా ముందే నెమ్మదించాలి. దిగే ధైర్యం లేకపోతే సిగ్గుపడనక్కరలేదు. అరకు నుంచి రైలులో రావచ్చు. బండి ఆగేది కొద్దిసేపే కనుక సైకిలును బ్రేకువ్యానులో సామానుగా బుక్ చేసే పని ముందుగానే ముగించుకోవాలి.

ప్రశ్న: మాకు గేర్లు లేని పాత సైకిలే ఉన్నది. కొండ దారులకు దీనితో వెళ్లవచ్చునా? గేర్ల సైకిలు కొనడం ప్రస్తుతం వీలుపడదు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: కొండ దారులకు వద్దు. ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న మామూలు సైకిలు పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఘాట్‌లో మన వేగం గంటకు ఆరు కిలోమీటర్లకు పడిపోతే నిమిషానికి పద్దెనిమిది చుట్లు మాత్రమే తొక్కుతున్నట్లు. ప్రతి తొక్కుకూ ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. ముందు 34, వెనుక 34 పళ్లున్న గేరులో అదే వేగానికి నిమిషానికి దాదాపు యాభై చుట్లు పడతాయి. పని అంతే అయినా మోకాలికి ఆ బరువు చిన్న చిన్న వాయిదాల్లో చేరుతుంది.

మీరున్న చోటు మాత్రం ఆ పాత సైకిలుకే పుట్టినిల్లు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన కాటన్ దొర ఆనకట్ట నుంచి బయలుదేరే కాలువలు నీరు తనంతట తానే పారేంత స్వల్పమైన వాలుతో డెల్టా అంతా పరుచుకున్నాయి. వాటి గట్ల మీద రోడ్లకూ అంతే వాలు. ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా, నడుమ లంకలను చూసుకుంటూ విజ్జేశ్వరం వరకు ఒక ఉదయం తొక్కి చూడండి. అక్కడ కష్టమంతా ఎదురుగాలితోనే. పొద్దున్నే వెళ్లి గాలి లేచేలోగా తిరిగి వచ్చేయాలి.

ప్రశ్న: గోదావరి ఒడ్డునే రాజమహేంద్రవరం నుంచి పాపికొండల మధ్యగా భద్రాచలం వరకు సైకిలు మీద వెళ్లాలని మా మిత్రబృందం కోరిక. నదీ లోయ కాబట్టి రోడ్డు చదునుగానే ఉంటుందని అనుకుంటున్నాము. దారి ఏమిటి?
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ దారి లేదు. నది పక్కన దారి సున్నితంగా ఉంటుందని పై జవాబుల్లో రాశానే గాని, ఆ సూత్రానికి పాపికొండలు పెద్ద మినహాయింపు. గోదావరి అక్కడ తూర్పు కనుమలను అడ్డంగా కోసుకుని బయటపడుతుంది. రెండు వైపులా కొండలు నిలువుగా నీళ్లలోకి దిగుతాయి. ఒడ్డు అన్నదే లేని చోట రోడ్డు ఎక్కడ వేస్తారు? పైగా అది 2008లో ప్రకటించిన జాతీయ ఉద్యానవనం. ఆ ఇరుకును చూడాలంటే పడవ ఒక్కటే శరణ్యం.

అందుచేత నదిని వదిలి, కొండలను చుట్టి, అవతల మళ్లీ నీళ్లను కలుసుకోవాలి. ఈ చుట్టుదారి పాపికొండల కన్నా ఏమాత్రం తక్కువది కాదు. సైకిలు మీద వెళ్లేవారికైతే ఎక్కువేనని నా అభిప్రాయం. మొదటి రోజు గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం దాటాక రోడ్డు అలలు అలలుగా లేచి పడుతుంటుంది. ఒక్కో ఎక్కుడు చిన్నదే కాని, ముగిసిందనుకునే లోపే మరొకటి వస్తుంది. దిగేటప్పుడు వచ్చిన ఊపును వృథా చేయకుండా తరువాతి ఎక్కుడు సగం వరకు వాడుకోవడం నేర్చుకుంటే ఈ రోజు ఆటలా గడిచిపోతుంది. మారేడుమిల్లిలో బస, వెదురు బొంగులో కాల్చిన కోడికూర మీకు కొత్త కాదు కనుక వివరించను.

రెండో రోజు మారేడుమిల్లి నుంచి చింతూరు వరకు 45 కిలోమీటర్లే పెట్టుకోండి. ఇది అడవి ఘాట్. మలుపులు బిగువుగా ఉంటాయి, ఎదురుగా వచ్చే బండి చివరి క్షణం దాకా కనిపించదు, చాలా దూరం ఫోను పలకదు, దుకాణాలు అరుదు. అందువల్ల మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ట్యూబులు, చైను తెగితే కలుపుకునే లంకె, గాలి కొట్టే పంపు వెంట ఉండాలి. బయలుదేరే వేళ ఎవరికైనా చెప్పి వెళ్లాలి. మధ్యాహ్నం తరువాత మారేడుమిల్లి వదలవద్దు, చీకటి పడ్డాక ఈ ఘాట్‌లో సైకిలు మీద ఎట్టి పరిస్థితిలోనూ ఉండవద్దు. నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కే అలవాటు మీ వయస్సులో సహజం. ఈ 45 కిలోమీటర్లలో మాత్రం ఒకరి వెనుక ఒకరుగా, ఎడమ అంచు పట్టుకునే వెళ్లాలి. మన్యంలో మలేరియా ఉన్నది కనుక సాయంత్రం నిండుచేతుల చొక్కా, పడుకునేటప్పుడు దోమతెర తప్పనిసరి.

చింతూరు చేరితే శబరి కనిపిస్తుంది. మీరు అడిగిన చదునైన నదీ లోయ ఇక్కడ ఉన్నది. మూడో రోజు శబరి వెంట దిగువకు కూనవరం వెళ్లండి. పాడేరు కొండల్లో మత్స్యగెడ్డగా మొదలై మాచ్‌ఖండ్‌గా, సీలేరుగా పేర్లు మార్చుకుంటూ వచ్చి శబరిలో కలిసిన నీళ్లు కూడా ఈ కూనవరం దగ్గరే గోదావరిలో కలుస్తాయి. సంగమం దగ్గర రెండు నీళ్ల రంగులు వేరుగా కనిపించే రోజులు ఉంటాయి. తీరికగా కూర్చుని చూడవలసిన చోటు అది. అక్కడి నుంచి భద్రాచలం చేరి, బస్సు మీద సైకిళ్లు వేసుకుని తిరిగి రావచ్చు. రైలు ఎక్కాలనుకుంటే, భద్రాచలం రోడ్ అనే స్టేషను భద్రాచలంలో లేదని, నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉన్నదని ముందే తెలుసుకోండి.

జులై నుంచి సెప్టెంబరు వరకు ఈ ప్రయాణం తలపెట్టవద్దు. గోదావరి పోటెత్తినప్పుడు శబరి వెనక్కు తన్ని చింతూరు, కూనవరం రోడ్లు నీట మునుగుతాయి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులైతే, 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. డిసెంబరు, జనవరి మీకు అనువైన నెలలు.

ప్రశ్న: మీరు తరచూ రాసే అనంతగిరి హైదరాబాదుకు 80 కిలోమీటర్లే కదా! అక్కడికి సైకిలు మీద వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చునా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: అనంతగిరులు రెండు. పై జవాబుల్లో చెప్పినది అరకు దారిలోనిది, మీరు అడుగుతున్నది వికారాబాదు పక్కన అనంతపద్మనాభస్వామి కొలువున్నది. పేరొక్కటే అయినా కాళ్లకు రెండింటికీ పోలిక లేదు. హైదరాబాదే అయిదు వందల మీటర్లకు పైబడిన పీఠభూమి మీద ఉన్నది కనుక, వికారాబాదు కొండ ఎక్కేసరికి అదనంగా చేరే ఎత్తు కొద్ది వందల మీటర్లకు మించదు.

ఇక్కడ కూడా మీరు ఒక నదిని ఎదురుగా పట్టుకుని వెళుతున్నట్లే. మూసీ ఆ కొండల్లోనే పుట్టి గండిపేటకు వస్తుంది. 1908 వరదల తరువాత నగరాన్ని కాపాడడానికి కట్టినదే గండిపేట చెరువు. చేవెళ్ల వైపు రోడ్డుకు ఇరువైపులా వందల కొద్దీ మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టవద్దని ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. ఆ నీడ విలువ కారులో వెళ్లేవారికన్నా ఏప్రిల్‌లో సైకిలు తొక్కినవారికి బాగా తెలుస్తుంది. అయితే ఆ రోడ్డు మీద లారీల రద్దీ ఎక్కువ. మొదటిసారి వెళుతూ రానూ పోనూ 160 కిలోమీటర్లు ఒకే రోజు తొక్కడం అనవసరం. వెళ్లేటప్పుడు సైకిలు మీద, వచ్చేటప్పుడు వికారాబాదు నుంచి రైలులో రండి. అంతకు ముందు నెల రోజులు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు బాటలో సాధన చేయండి. పైన సౌరఫలకాల కప్పు ఉన్నది కనుక ఎండ సాకు కూడా చెల్లదు.

ప్రశ్న: మేము జర్మనీలో మ్యూనిక్‌లో ఉంటున్నాము. గుంటూరు నుంచి అమ్మానాన్నలు జూన్‌లో వస్తున్నారు. నాన్నగారికి 63, అమ్మకు 60. నాన్నగారు ఉద్యోగకాలమంతా సైకిలు మీదే తిరిగారు, అమ్మ చిన్నప్పుడు తొక్కినదే. వారితో కలిసి డాన్యూబు నది వెంట సైకిలు యాత్ర చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: నిస్సందేహంగా చేయవచ్చు. నది పక్కన దారి చదునుగా ఉంటుందన్న మాట డాన్యూబు దగ్గర నూటికి నూరుపాళ్లు నిజం. పసావు నుంచి వియన్నా వరకు మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగే బాట, అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా వెళ్లే యూరోవెలో 6 అనే సైకిలు మార్గంలో ఒక భాగం. చాలా దూరం మోటారు వాహనాలు లేని బాట కావడం వల్ల, రోడ్డు అలవాటు తప్పిన అమ్మగారికి కూడా బెదురు ఉండదు. పడమటి గాలులు ఎక్కువ కనుక పసావు వైపు నుంచి వియన్నా వైపుకే తొక్కండి, వాలూ గాలీ రెండూ వెనుక నుంచి సాయం చేస్తాయి.

అంత దూరమూ వారితో తొక్కించవద్దు. ఆస్ట్రియాలో మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు ఉన్న 36 కిలోమీటర్ల వాఖావు లోయను రెండు రోజులు పెట్టుకుని చూపించండి. 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన లోయ ఇది. కొండవాలుల మీద రాతిగట్లతో మెట్లుమెట్లుగా కట్టిన ద్రాక్షతోటలు, కింద ఆప్రికాట్ తోటలు, నడుమ నది. ఉత్తరపు ఒడ్డున స్పిట్జ్, డూర్న్‌ష్టైన్ వంటి ఊళ్లు ఉన్నాయి, దక్షిణపు ఒడ్డు కొంత ప్రశాంతం. స్పిట్జ్ దగ్గర, వైసెన్‌కిర్షెన్ దగ్గర ఇంజను లేకుండా, అడ్డంగా కట్టిన తీగను పట్టుకుని, నదీ ప్రవాహపు తోపుతోనే అవతలి ఒడ్డుకు చేరే పడవలు ఉన్నాయి. సైకిళ్లతో సహా ఎక్కించుకుంటారు. గోదావరి, కృష్ణల రేవులు చూసిన నాన్నగారు ఆ పడవ దగ్గరే గంట సేపు నిలబడిపోతే తొందర పెట్టకండి.

అమ్మగారికి మోటారు సాయం ఉన్న సైకిలు అద్దెకు తీసుకోండి. అక్కడి నిబంధనల ప్రకారం 250 వాట్ల మోటారు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటగానే సాయం ఆపేస్తుంది. అది కూడా బరువైన బండి కావడం వల్ల ఎక్కడం, దిగడం, ఆపడం ముందు రోజు ఏదైనా ఖాళీ స్థలంలో సాధన చేయించాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడే ప్రమాదం గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. రోజుకు ఇరవై కిలోమీటర్లకు మించవద్దు.

ప్రశ్న: అరకులో పసుపుపచ్చని వలిసె పూల పొలాలు చూడాలంటే సైకిలు మీద ఎప్పుడు వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు వరకు. ఆ రోజుల్లో ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం వెలిగించుకునే బయలుదేరాలి. పువ్వు రైతు పంట కనుక, ఫొటో కోసం సైకిలుతో సహా చేలోకి దిగకండి, గట్టు మీద నిలబడినా పొలమంతా కనిపిస్తుంది.